మూలన పెట్టిన యంత్రం

ప్రశ్న: భవన నిర్మాణంలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. సిమెంటు దుమ్ము కొలవడానికి ఒకరోజు యంత్రం తెచ్చి గోదాము మూలన స్టాండు మీద పెట్టారు. అంతా పరిమితి లోపే ఉందని రిపోర్టు వచ్చింది. బస్తాలు విప్పేవారి దగ్గు మాత్రం తగ్గలేదు. మేస్త్రీల వేళ్లు పగులుతున్నాయి. రిపోర్టు తప్పా?

జవాబు: తప్పు కాకపోవచ్చు. మూలన ఎంత దుమ్ము ఉందో అది చెప్పింది. మూలకు ఊపిరితిత్తులు లేవు కదా! బస్తా మూతి కోసి గుమ్మరించే మనిషి ముఖం దుమ్ములోనే ఉంటుంది. అందుకే చిన్న పంపును అతని నడుముకు కట్టి, ఫిల్టరును ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు, కాలరుకు తగిలించాలి. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 8 గంటలు గాలి లాగితే 960 లీటర్లు. ఫిల్టరు బరువు 2.4 మిల్లీగ్రాములు పెరిగితే ఘనమీటరు గాలికి 2.5 మిల్లీగ్రాముల దుమ్ము అన్నమాట.

ఆ అంకె మొత్తం దుమ్ముదా, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నదుమ్ముదా అని అడగండి. అమెరికా చట్టంలో సిమెంటుకు మొదటిదాని పరిమితి ఘనమీటరుకు 15 మిల్లీగ్రాములు, రెండోదానిది 5. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సన్నదుమ్ము 1 దాటకూడదంటుంది. ఏ దుమ్మో రాయని రిపోర్టును నేనైతే తిప్పి పంపుతాను. బస్తాలు విప్పే ఇరవై నిమిషాలను ఎనిమిది గంటల సగటులో కలిపేస్తే ఆ ఘాటు మాయమవుతుంది, ఆ పనిని విడిగా కొలిపించండి. కాంక్రీటు కోసేచోట సిలికా (ఇసుక, కంకరల్లోని ఖనిజం) దుమ్ము లెక్క వేరే.

ఇక వేళ్ల సంగతి. దీన్ని ఏ పంపూ పట్టుకోలేదు, నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. గాలి అంకెలన్నీ బాగున్న ఒక పనిలో మేస్త్రి ఒకరు గ్లవ్వు విప్పితే లోపలినుంచి బూడిదరంగు నీళ్లు కారాయి. అందులో పి.హెచ్. కాగితం (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పేది) ముంచాను, ఘాటైన క్షారానికి గుర్తుగా ముదురు నీలానికి తిరిగింది. మామూలు నీటి పి.హెచ్. 7 అయితే తడి సిమెంటుది 12 దాటుతుంది, సున్నపు నీటితో సమానం. వెంటనే మంటపెట్టదు, గంటల తర్వాత చర్మాన్ని తినేసిన గుర్తు కనిపిస్తుంది. ఆ గుడ్డ గ్లవ్వు చేతిని కాపాడటం లేదు, సిమెంటును చేతికి అదిమి ఉంచుతోంది.

దీనికితోడు సిమెంటులోని క్రోమియం కొందరికి అలర్జీ తెస్తుంది, పట్టుకుంటే ఏళ్లకూ వదలదు. చేత్తో వాడే సిమెంటులో నీటిలో కరిగే ఆ క్రోమియం 10 లక్షల భాగాలకు 2 మించకూడదని ఐరోపాలో 2005 నుంచి నియమం.

రేపు మీరూ పి.హెచ్. కాగితాలు తీసుకెళ్లండి. గ్లవ్వుల లోపల, మోకాళ్ల దగ్గర తడిసిన బట్టకు తాకించండి. తాపీలు కడిగిన బకెట్లోనే చేతులూ కడుగుతుంటే అందులోనూ ఒకటి ముంచండి.