నూటికి మూడు వడ్డీకి తెచ్చి నాలుగెకరాల బూడిద గుమ్మడా? వద్దు

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. నాకు 38 ఏళ్లు. సొంత భూమి మూడెకరాలు. రెండెకరాల్లో వరి, ఎకరం మెట్ట. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 12,000 రూపాయలు. నిరుడు బోరు కింద మే నెలలోనే అరెకరం బూడిద గుమ్మడి పెట్టాను. 16,000 ఖర్చయింది. నాలుగు టన్నులు దిగింది. దసరా ముందు పర్లాకిమిడిలో కిలో 11 రూపాయలకు అమ్మితే 28,000 మిగిలింది. ఈసారి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని అంతా గుమ్మడే వేద్దామని ఉంది. ఎకరానికి కౌలు 15,000, సాగుకు 35,000 అవుతుంది. బ్యాంకులో 70,000 ఉంది. మిగతా 1,30,000 కాయలు కొనే షావుకారే నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా, లేక ఎల్ఐసీ పాలసీ రద్దు చేసుకోమంటారా?

జవాబు: అప్పు తీసుకోకండి. పాలసీ జోలికీ పోకండి. ఈ రెండింటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 70,000. ఉన్నదంతా దుక్కిలో పోసేద్దామని మీరు ముందే తీర్మానించుకున్నారు, దాని గురించి అడగనేలేదు. గుణుపురం నుంచి ఇచ్ఛాపురం దాకా నాకు ఉత్తరాలు రాసే రైతుల్లో చాలామంది చేసేది ఇదే. ఒక్క ఏడాది కలిసొస్తే మరుసటి ఏడాది ఇంట్లో ఉన్నది ఊడ్చి, బయట అప్పు కలిపి, ఎనిమిదింతలు వేస్తారు. పత్తి, అరటి, గుమ్మడి, పంట ఏదైనా కథ ఒకటే.

మీ అంకెలతోనే లెక్క కడదాం. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. 1,30,000కి నెలకు 3,900. విత్తు పెట్టిన దగ్గర్నుంచి కాయ అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది, అంటే వడ్డీకే 23,400. దాంతో మొత్తం పెట్టుబడి 2,23,400. నిరుటిలాగే ఎకరానికి ఎనిమిది టన్నులు దిగితే 32 టన్నులు. కిలో దాదాపు ఏడు రూపాయలకు అమ్మితేనే పెట్టింది తిరిగొస్తుంది. ఐదు రూపాయలకు పడిపోతే 63,400 నష్టం. ధరతోపాటు దిగుబడి కూడా ఐదు టన్నులకు తగ్గితే నష్టం 1,23,400. ఈ ఆరు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసిన 72,000 ఈ లెక్కలో లేదు, మీ ఉత్తరంలోనూ లేదు.

దిగుబడి తగ్గుతుందని శాపం పెట్టడం లేదు. అరెకరం చేలో మీరిద్దరూ తెల్లవారుజామునే వెళ్లి పండు ఈగ పొడిచిన పిందెలు ఏరి గోతిలో పూడ్చి ఉంటారు, ఈగల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు సర్ది ఉంటారు. ఆ చాకిరీకి మీరు కూలి కట్టలేదు. నాలుగెకరాలకు అదంతా మనుషుల్ని పెట్టి చేయించాలి. ఈ తీగకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగ తిరిగితేనే పిందె నిలుస్తుంది. పూత మీద వారం రోజులు ముసురు పట్టిందంటే ఎరువెంత వేసినా లాభం లేదు.

ఇక అక్టోబరు. మీ ప్రాంతంవారికి నేను చెప్పాల్సిన పనిలేదు గానీ, అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు గుర్తు తెచ్చుకోండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది, వంశధార పొంగింది. జూన్ చివర పెట్టిన గుమ్మడి కోతకొచ్చేదీ ఆ రోజుల్లోనే. అలాంటి ఏడాది షావుకారు వడ్డీ మాఫీ చేస్తాడా?

అసలు ఈ పంటకు దేవుడిచ్చిన గుణం ఒకటుంది, దాన్నే మీరు అమ్ముకోబోతున్నారు. ఒంటినిండా బూడిద పట్టి ముదిరిన కాయను తొడిమతో కోసి, దెబ్బ తగలకుండా, గాలి ఆడే నీడలో పరిస్తే నెలల తరబడి నిలుస్తుంది. టమాటాకు ఆ వీలు లేదు. దసరాకు గుమ్మాలకు కట్టడానికి, దిష్టి తీయడానికి అందరూ కొంటారు. పండగ దాటగానే ధర జారుతుంది. మళ్లీ వడియాలు పెట్టే ఎండలొచ్చేసరికి అడిగేవాళ్లు వస్తారు. మన వడియాలకైనా, ఒడియావాళ్లు 'బడి' అనే వాళ్ల వడియాలకైనా ఇదే కాయ, దీన్ని వాళ్లు పాణి కఖారు అంటారు. ధర లేనప్పుడు ఆగగలిగినవాడికే ఈ పంటలో డబ్బు. ఆగాలంటే ఇంట్లో బియ్యానికి, పిల్లల ఫీజుకు, అమ్మ మందులకు వేరే డబ్బుండాలి. మీరు మాత్రం కాయ కొనేవాడి దగ్గరే అప్పు చేస్తానంటున్నారు. నెలకు 3,900 పెరుగుతున్నప్పుడు కాయను నీడలో పెట్టి కూర్చోగలరా? అతను చెప్పిన రోజున, అతను చెప్పిన ధరకు, అతని కాటా మీద తూచి ఇవ్వాల్సిందే. నిరుడు 11 రూపాయలు పలికిందంటే మీరు ఎవరికీ బాకీ లేరు కాబట్టి, నాలుగు చోట్ల బేరమాడగలిగారు కాబట్టి.

అందుకే ఆ 70,000 కదపకండి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాం, వాళ్లకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. రైతుకు ఒక పంట పోతే మళ్లీ డబ్బు కనిపించేది తర్వాతి పంటకే. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చుతోపాటు ఇంకో పంటకు విత్తనం, ఎరువు కొనే డబ్బు కూడా ఉండాలి. మీకైతే 72,000కు మరో 35,000 కలిపి, లక్షా ఏడు వేలు. మీ దగ్గరున్నది దానికంటే తక్కువే. మిగులు సొమ్ము అనుకుంటున్నారు గానీ, అది ఇంకా నిండని గాదె. రోజూ వాడే ఖాతా నుంచి తీసి, మీ ఆవిడ పేరుతో కలిపి ఉమ్మడి ఖాతాలో వేయండి. సగం ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా ఫరవాలేదు, కావాలంటే రెండు రోజుల్లో చేతికి రావాలి, అంతే.

ఆసుపత్రికి కార్డుంది కదా అనవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. కార్డు లేకపోతే వెంటనే చేయించుకోండి. కానీ అమ్మను బరంపురం తీసుకెళ్లే బండి కిరాయి, తోడున్నవాళ్ల తిండి, ఆ పది రోజులు పోయిన పని ఆ కార్డులో రావు.

మరి గుమ్మడి మానేయాలా? అక్కర్లేదు. మీ సొంత మెట్ట ఎకరంలో వేయండి. కౌలు లేదు. దానికి కావలసిన 35,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద అడగండి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ఆరు నెలలకు 700 రూపాయలు. బ్యాంకుకు నాలుగుసార్లు తిరగాలని చాలామంది విసుక్కుంటారు. తిరగండి. నాలుగు రోజుల పని పోయినా 36 శాతం వడ్డీకంటే చవకే. ఆ ఎకరంలోనూ విత్తు ఒకేసారి పెట్టకుండా మూడు వారాల తేడాతో రెండు మడులుగా పెడితే ఒక్క వానకు పూతంతా పోదు.

కౌలు గురించి ఒక్క మాట. 1960 నాటి ఒడిశా భూ సంస్కరణల చట్టం కౌలును చాలావరకు ఒప్పుకోదు. అందుకే అక్కడ కౌలంటే నోటిమాటే. రేపు తుపాను సాయం వచ్చినా ముందు చూసేది పట్టాలో పేరే. కాగితం లేని నాలుగెకరాల మీద రెండు లక్షలు పెట్టమని నేను చెప్పలేను.

పంట బీమా జిల్లాకు ప్రకటించిన పంటలకే వర్తిస్తుంది. 2023 ఖరీఫ్ నుంచి ఒడిశాలో రైతు కట్టేది ఒక్క రూపాయి, వరికి తప్పకుండా చేయించండి. ప్రధానమంత్రి పథకాల్లో ప్రాణానికి బీమా ఇచ్చే జీవన జ్యోతికి ఏడాదికి 436, ప్రమాదాలకు వర్తించే సురక్షా బీమాకు 20 రూపాయలు. ఇద్దరూ చేరండి. బంగారం తాకట్టు ఆలోచన వస్తే బ్యాంకులోనే పెట్టండి, అదీ ఆసుపత్రి అవసరానికే.

షావుకారు దగ్గర ఇప్పటికే బయానా కింద ఏమైనా పుచ్చుకుని ఉంటే, విత్తు నాటకముందే తిరిగిచ్చేయండి. ఆ 70,000లోంచి తీయడానికి నేను ఒప్పుకునే ఖర్చు అదొక్కటే.