ఉద్యోగం మానేసి లైఫ్ కోచ్ అయిపోనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. బాబు ఆరో తరగతి, ఐఐటీ ఫౌండేషన్‌కూ అబాకస్‌కూ వెళ్తాడు. పాపకు నాలుగేళ్లు. మా వారు ఇంటి నుంచే పనిచేస్తారు, స్కూల్ యాప్, క్లాస్ గ్రూపు, వ్యాన్ అన్నీ చూసుకునేది నేనే. రాత్రి పదిన్నర దాకా కాల్స్, పాప నిద్రపోయే వేళకు పక్కన ఉండలేకపోతున్నాను. ఎందుకు పనిచేస్తున్నానో కూడా తెలియట్లేదు. మానేసి, ఆన్‌లైన్‌లో లైఫ్ కోచ్ సర్టిఫికెట్ చేద్దామనుకుంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.

చెబుతానమ్మా. కానీ మీ ఉత్తరంలో కోచింగ్ గురించి ఉన్నది ఒక్క లైనే, మిగతాదంతా పాప నిద్రపోయే వేళకు పక్కన ఉండలేకపోతున్నానన్న బాధ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. మీరు పిల్లలకు అన్యాయమేమీ చేయట్లేదు. బాగా అలసిపోయారు, ఇంత అలసటలో ఏ పనైనా అర్థం లేనట్టే కనిపిస్తుంది.

లైఫ్ కోచ్ అని మన దేశంలో ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని వెనక ఏళ్ల చదువుంటుంది. సైకాలజీని ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో నేర్పడాన్ని యూజీసీ 2025లో ఆపేసింది కూడా. మరి కొన్ని వారాల సర్టిఫికెట్ పట్టుకుని ఎవరి జీవితాన్ని సరిదిద్దుతారు? పైగా క్లయింట్లను మీరే వెతుక్కోవాలి, రీల్స్ చేయాలి, ఆ క్లయింట్లకు ఖాళీ దొరికేది సాయంత్రాలూ ఆదివారాలే, అంటే మీరు పిల్లల కోసం మిగుల్చుకోవాలనుకుంటున్న వేళలే మళ్లీ పోతాయి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. స్కూల్ యాప్ మీ ఫోన్‌లోనే, క్లాస్ వాట్సాప్ గ్రూపులో మీరే, వ్యాన్ రాకపోతే డ్రైవర్ ఫోన్ చేసేదీ మీకే. మీ వారు ఇంటి నుంచే పనిచేస్తారని రాశారు, మరి ఈ పనుల్లో ఆయన ఊసే లేదేం? రేపు పొద్దున లంచ్ బాక్సులు, వ్యాన్ ఆయనకు అప్పగించండి, కూర మాడినా మీరు వెళ్లి అందుకోకండి. ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్, దాని మీద అబాకస్, రెండూ ఎందుకమ్మా? వాడికీ ఊపిరాడాలి కదా. ఈ నెలే ఒకటి మాన్పించండి.

వారంలో రెండు రాత్రులు కాల్స్ తప్పించమని మేనేజర్‌కు మెయిల్ పెట్టండి, నోటిమాటగా అడిగితే అది అక్కడే ఆగిపోతుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే చిన్నపిల్లల్ని చూసుకునే సదుపాయం ఉండాలని చట్టమే ఉంది, పాప విషయం హెచ్‌ఆర్‌ని అడగండి. వినకపోతే టీమ్ మారండి, అదీ కాకపోతే కంపెనీ. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే 14416కి ఫోన్ చేయండి, అది టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

రాజీనామా మాత్రం ఇప్పుడే పెట్టకండి. మూడు నెలలు కాస్త కంటినిండా నిద్రపోయాక కూడా కౌన్సెలింగ్ మీదే మనసుంటే మళ్లీ రాయండి, రెగ్యులర్ ఎంఏ సైకాలజీ ఎప్పుడు, ఎంత పొదుపు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టాలో అప్పుడు లెక్క వేద్దాం.