డర్క్ నొవిట్స్కీ రిటైరై ఇన్నేళ్ళయినా డాలస్ అభిమానులు ఆయన్నే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? జట్టులో మార్పులు చేర్పులు వ్యాపారమే కదా?

ప్రశ్న అడిగినవారు డాలస్‌లో ఉండరని మాత్రం గ్యారంటీగా చెప్పగలను. ఉండుంటే ‘వేలాడటం’ అనే మాట నోటికి రాదు. సరే, అడిగారు కాబట్టి చెప్తాను. మధ్యలో పక్కదార్లు పడతాను, కాస్త ఓపిక పట్టండి.

2008 ఆగస్టులో ఎమ్మెస్‌కని డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో దిగాను. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. అప్పటికి బాస్కెట్‌బాల్ గురించి నా పరిజ్ఞానమంతా మా హైస్కూల్ గ్రౌండులో వల ఊడిపోయిన ఒక ఇనప రింగు, దాని స్తంభానికి తాడు కట్టి వాచ్‌మన్ ఆరేసుకునే లుంగీ. ఇక్కడ రూములో నలుగురం, టీవీ ఒకటి. క్రికెట్ చూడాలంటే తెల్లవారుజామున లేచి దొంగ లింకులు వెతుక్కోవాలి, అవి సరిగ్గా ఆఖరి ఓవర్లో చచ్చేవి. సాయంత్రంపూట తేరగా దొరికేది డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ ఆట. డర్క్ ఆడింది ఆ జట్టుకే. అలా అలవాటైంది.

ఏడడుగుల మనిషి డర్క్. పరిగెత్తుతుంటే అప్పుడే పుట్టిన దూడ లేచి నిలబడబోతున్నట్టు ఉండేది. బంతి చేతికొస్తే మాత్రం వేరే మనిషి. కొంగలా ఒంటికాలి మీద నిలిచి, వెనక్కి వాలి వదిలేవాడు. ఎదుటివాడు ఎంత పొడుగైనా చెయ్యి అందేది కాదు. జర్మనీలో వుర్ట్స్‌బర్గ్ అనే ఊరు ఆయనది. ఎన్‌బీఏ లీగులో జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్టు అంటారు. 1998 డ్రాఫ్టులో తొమ్మిదో నంబరుగా మిల్వాకీ జట్టు తీసుకుని, వెంటనే డాలస్‌కి ఇచ్చేసింది. మొదటి సీజన్లో ఆటకి ఎనిమిది పాయింట్లు. మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోదామనుకున్నాడట. నా మొదటి సెమిస్టరూ అచ్చం అంతే కాబట్టి, ఈ సంగతి తెలిసిన రోజునే నాకు మనవాడైపోయాడు.

31,560 పాయింట్లు కొట్టాడు కాబట్టి ప్రేమ అనుకుంటున్నారేమో. పాయింట్లు కొట్టినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఈయన ఈ ఊళ్ళో పడ్డ తలవంపులు చూడండి. 2006 ఫైనల్స్‌లో (ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్ళదే కప్పు) మయామీ మీద మొదటి రెండు ఆటలూ గెలిచి, తర్వాత నాలుగూ వరసగా ఓడారు. మరుసటి సీజన్లో లీగు మొత్తం మీద ఎక్కువగా 67 గెలుపులు. తీరా చూస్తే కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే, ఎనిమిదో స్థానంతో లోపలికొచ్చిన గోల్డెన్ స్టేట్ చేతిలో చిత్తు. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు డర్క్‌కే వచ్చింది. అది అందుకునే వేళకి జట్టు ఓడిపోయి ఇంట్లో కూర్చుంది. పెళ్ళి ఆగిపోయాక శుభలేఖలు ప్రెస్సు నుంచి వచ్చినట్టు. మొహం చూపించలేక ఆస్ట్రేలియా పోయి గడ్డం పెంచుకుని తిరిగాడు. మళ్ళీ వచ్చి ఇక్కడే ఆడాడు.

ఇక 2011 జూన్ 12, ఆదివారం. మళ్ళీ అదే మయామీ, అప్పటికి 3-2తో మనమే ముందున్నాం. నాకు ఉద్యోగం వచ్చి అర్వింగ్‌లో అపార్టుమెంటు తీసుకున్నాం, రూమ్మేట్లు మాత్రం పాతవాళ్ళే. ఆ సిరీస్ మొదటి ఆటలోనే డర్క్ ఎడమచేతి మధ్యవేలి నరం తెగింది. నాలుగో ఆట 101 డిగ్రీల జ్వరంతో ఆడి గెలిపించాడు. దాని మీద మయామీ స్టార్లిద్దరూ కెమెరాల ముందు ఉత్తుత్తి దగ్గు దగ్గి వెక్కిరించారు. మా అమ్మకి ఫోన్లో చెప్తే, ఎవరో ఏమిటో తెలియకపోయినా, “వాడి ఉసురు తగలకపోదు చూడు” అంది.

ఆ రోజు సగం ఆట అయ్యేసరికి డర్క్ పన్నెండు షాట్లు వేస్తే పడింది ఒకటి. ఒకే ఒక్కటి. మన జట్టులోనే ఉన్న జేసన్ టెర్రీ పుణ్యాన స్కోరు ఎలాగో నిలబడింది గానీ, మా రూములో అప్పటికే అస్థికలు కలిపే వాతావరణం. అన్నం కుక్కరు వెచ్చగా ఉంచే మోడులో ఉంది, ఎవడూ లేవలేదు. అంతలో మా గుంటూరు వాడు పెరుగు తెచ్చుకుంటానని వంటింట్లోకి వెళ్ళాడు. వెళ్ళీ వెళ్ళగానే డర్క్ షాటు పడింది. వాడు గిన్నెతో గుమ్మం దాకా వచ్చాడో లేదో, అవతలివాళ్ళు బుట్టలో వేశారు. “ఒరేయ్, నువ్వు లోపలికి పో” అన్నాం. పోయాడు. మళ్ళీ పడింది!

అంతే. రెండో సగమంతా వాణ్ణి వంటింట్లోనే నిలబెట్టాం. పెరుగన్నం అక్కడే, సింకు పక్కన నిలబడే తిన్నాడు. మా అరుపులు వింటూ “ఎంతరా? ఎంతయిందిరా?” అని కేకలు. బాత్రూంకి వెళ్ళాలంటే కూడా టైమవుట్ దాకా ఆగమన్నాం. డర్క్ రెండో సగంలో 18 కొట్టాడు, మొత్తం 21. స్కోరు 105-95.

ఇంకొద్ది సెకన్లుండగానే అర్థమైపోయింది. గంట మోగింది. అందరూ కావలించుకుంటుంటే డర్క్ మాత్రం స్కోరు రాసేవాళ్ళ టేబుల్ దాటుకుని గబగబా లోపలికి పోయాడు. వంటింట్లోంచి కేక: “ఏమైందిరా?”

“గెలిచాం. డర్క్ వెళ్ళిపోయాడు.”

“ఎక్కడికి?”

“తెలీదురా. అర్జెంటు అనుకుంటా.”

తర్వాత తెలిసింది, డ్రెస్సింగ్ రూములో తువ్వాలు కప్పుకుని ఏడ్చాడని. పదమూడేళ్ళ ఏడుపు అది, నలుగురి ముందు ఏడవడానికి మొహమాటం. మా వాడు ఆ రాత్రి ఒక్క షాటూ చూడలేదు. ఇప్పుడు వాడు ఆస్టిన్‌లో ఉన్నాడు, ఏ పెళ్ళిలో కలిసినా ఆ కప్పు తన వల్లే వచ్చిందంటాడు. కాదని నేనూ అనను.

ఇప్పుడు మీ ‘వ్యాపారం’ దగ్గరికొస్తాను. కప్పు గెలిచాక ఏ మేనేజ్‌మెంటయినా ఏం చేస్తుంది? ఉన్న జట్టుని కాపాడుకుంటుంది. వీళ్ళు ఆ చలికాలానికే విడగొట్టారు. రింగు దగ్గర గోడలా నిలబడ్డ టైసన్ చాండ్లర్‌ని న్యూయార్క్ పోనిచ్చారు, ఫైనల్స్‌లో మయామీని తికమక పెట్టిన బరేయాని మినెసోటా పోనిచ్చారు. లీగులో కొత్త జీతాల ఒప్పందం వచ్చింది, డబ్బు మిగిల్చి పెద్ద స్టార్‌ని తెస్తాం అన్నారు. 2012లో డెరన్ విలియమ్స్ రానన్నాడు. 2013లో డ్వైట్ హోవార్డ్ హ్యూస్టన్ పోయాడు. 2015లో డిఆండ్రే జోర్డన్ వస్తానని మాటిచ్చి, సంతకం వేళకి పాత జట్టువాళ్ళు ఇంటికొచ్చి కూర్చుంటే అక్కడే ఉండిపోయాడు. పెద్ద సంబంధం కోసం ఉన్న సంబంధాలన్నీ వదులుకున్న ఇల్లు మీరూ చూసే ఉంటారు. 2004లో స్టీవ్ నాష్‌ని వదిలేసినప్పుడూ ఇదే లెక్క. ఆయన ఫీనిక్స్ పోయి వరసగా రెండేళ్ళు ఉత్తమ ఆటగాడయ్యాడు. 2022లో జేలెన్ బ్రన్సన్ ఊరికే చేజారి న్యూయార్క్ పోయాడు.

ఇన్నేళ్ళూ డర్క్ ఏం చేశాడు? 2014లో వేరే ఊళ్ళవాళ్ళు తొంభై మిలియన్ డాలర్ల పైచిలుకు ఇస్తామంటే కాదని, ఇక్కడే మూడేళ్ళకి 25 మిలియన్లకి సంతకం పెట్టాడు. జట్టు బాగుపడుతుందని. మిగిలిన డబ్బుతో వీళ్ళు ఏం చేశారో తెలుసా? చాండ్లర్ పార్సన్స్ అనే కుర్రాడికి మూడేళ్ళకి 46 మిలియన్లు రాసిచ్చారు. డర్క్ కంటే దాదాపు రెట్టింపు. ఆ కుర్రాడికి మోకాళ్ళు సహకరించలేదు, రెండేళ్ళకే వెళ్ళిపోయాడు.

నా సిద్ధాంతం ఇది, ఒప్పుకోకపోతే మీ ఇష్టం: డర్క్ మంచితనమే ఈ మేనేజ్‌మెంటుని చెడగొట్టింది. ఇంట్లో పెద్దకొడుకు నోరెత్తకుండా అన్ని అప్పులూ తీరుస్తుంటే, తండ్రికి పేకాట తప్పని ఎప్పుడు తెలుస్తుంది?

మన ఐపీఎల్ సంగతి తీసుకోండి. 2016లో హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించి, ఆనక జట్టులోంచే తీసేశారు. మా తమ్ముడు ఉప్పల్ స్టేడియం వైపు పోవడమే మానేశాడు. వాడికీ ‘వ్యాపారం’ అని చెప్పి చూడండి.

ఆ మాట నాకూ చెప్పారు లెండి. పదకొండేళ్ళు పనిచేసిన కంపెనీ, పేరెందుకు, ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల కాల్ పెట్టింది. అందులో పన్నెండు నిమిషాలు మేనేజర్ గారి ఆడియో పనిచెయ్యలేదు. పనిచేసిన మూడు నిమిషాల్లో రెండుసార్లు అన్నాడు, ఇది కేవలం వ్యాపార నిర్ణయం అని. అందుకే ఎవరైనా ఆ మాట అంటే నాకు చెవుల్లోంచి పొగలొస్తాయి.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగడం మొదలైంది. లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారట. ఎవరో అకౌంటు హ్యాక్ చేశారనుకున్నాం. పాతికేళ్ళవాడు, ఏడు నెలల క్రితమే జట్టుని ఫైనల్స్ దాకా మోసుకెళ్ళినవాడు. అంతకు ముందు సీజన్లో ఆటకి 33.9 పాయింట్లు. బదులుగా ఆంథొనీ డేవిస్, ఇంకో కుర్రాడు, 2029 డ్రాఫ్టులో ఒక ఆటగాణ్ణి ఎంచుకునే వంతు. డిఫెన్స్ ఉంటేనే కప్పులొస్తాయని జనరల్ మేనేజర్ నికో హారిసన్ సెలవిచ్చారు. డాలస్‌లో ఇల్లు కొనే పనిలో ఉన్నాడట లూకా. ఇల్లు కొన్న నెలకే ఉద్యోగం పోయినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

మర్నాడు వసంత పంచమి. స్నేహితుల పాపకి గుడిలో అక్షరాభ్యాసం. మా అబ్బాయికి పదకొండో ఏడు, కుర్తా వేసుకోమంటే లోపల లూకా 77 నంబరు చొక్కా వేసుకుని, పైన కుర్తా తొడిగాడు. పులిహోర తిన్నాక, “నాన్నా, డర్క్ దగ్గరికి వెళ్దామా?” అన్నాడు. అంటే విగ్రహం దగ్గరికి. అరీనా బయట ఇరవై అడుగుల పైనే ఉంటుంది, 2022 క్రిస్మస్ రోజున ఆవిష్కరించారు. ఒంటికాలి మీద ఆ షాటు వేస్తున్న భంగిమ. మా అమ్మ వచ్చినప్పుడు చూపిస్తే, “ఎవర్రా ఈయన, భగీరథుడిలా తపస్సు చేస్తున్నాడు?” అంది. విధేయత ఎన్నటికీ మాసిపోదని పీఠం మీద చెక్కి ఉంటుంది.

అక్కడ ఇంకా ఎవరూ ఉండరనుకున్నాను. పక్క లాటులో పార్కింగ్‌కి ఆట లేని రోజు కూడా వాయించారు, అది వేరే ఏడుపు. వెళ్తే జనం! పీఠం చుట్టూ పూలు, కొవ్వొత్తులు, విప్పేసిన 77 చొక్కాలు. కొందరైతే శవపేటికే మోసుకొచ్చారు. గమనించండి, వెళ్ళిపోయింది లూకా, పూలు పడ్డది డర్క్ కాళ్ళ దగ్గర. ఊళ్ళో అన్యాయం జరిగితే రచ్చబండ దగ్గరికి పోయినట్టు పోయారు. డర్క్ నలభై ఒకటో నంబరు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన మా వాడి కుర్తా అంచు కింద నీలం రంగు చూసి, ఏమీ అనకుండా తల నిమిరి వెళ్ళాడు.

మా వాడు చాలాసేపు పైకి చూసి అడిగాడు. “నాన్నా, డర్క్‌ని కూడా అమ్మేసేవాళ్ళా?”

ఇక్కడ నేను ఏదో గొప్ప మాట చెప్పానని రాసుకోవచ్చు గానీ, చెప్పింది ఇది. డర్క్ కాంట్రాక్టులో తన అనుమతి లేకుండా వేరే జట్టుకి ఇచ్చెయ్యకూడదని ఒక షరతు ఉండేది. లీగులో ఎనిమిదేళ్ళు, అందులో అదే జట్టుకి నాలుగేళ్ళు ఆడితేగానీ అది అడిగే హక్కు రాదు. లూకాకి నడుస్తున్నది ఏడో ఏడు. అంటే మనం దండం పెట్టుకునే ఆ విధేయతకి డర్క్ వైపు నుంచి కాగితం అవసరం లేకపోయింది, జట్టు వైపు నుంచి మాత్రం రాయించుకోవాల్సి వచ్చింది. వాడికి ఎంత అర్థమైందో తెలీదు. ఆ మధ్యాహ్నమే జట్టు క్లీవ్‌లాండ్‌లో 43 పాయింట్ల తేడాతో ఓడింది.

తర్వాతవి మీకు తెలిసినవే. డేవిస్ మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చిలో జట్టులో మిగిలిన ఇంకో స్టార్ కైరీ అర్వింగ్ మోకాలు పోయింది. లాస్ ఏంజెలెస్‌లో లూకా మొదటి ఆటకి డర్క్ వెళ్ళి కూర్చున్నాడు, ఈ ఊరి విగ్రహం ఆ ఊళ్ళో దర్శనమిచ్చింది. ఏప్రిల్ 9న లూకా ఇక్కడికి ఆడటానికొచ్చి, పాత వీడియో చూసి ఏడ్చి, ఆనక 45 కొట్టాడు. నవంబరులో హారిసన్‌ని తీసేశారు. ఆయనకీ వ్యాపార నిర్ణయమనే చెప్పుంటారు.

ఈలోగా డ్రాఫ్టులో మొదటి వంతు ఎవరిదో తేల్చే లాటరీ 1.8 శాతం అవకాశంతో మనకి తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. మావాడు వారం తిరక్కుండా 32 నంబరు చొక్కా కావాలన్నాడు. నేను వద్దన్నాను. ఎనిమిదేళ్ళు ఆగు, ఆ షరతు రాయించుకున్నాక కొందాం అన్నాను. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టి, “2033 అంటే అప్పటికి నాకు 19 వస్తాయి” అని మొహం మాడ్చుకున్నాడు. వాళ్ళమ్మ ఇద్దరినీ చూసి, నా ఫోను లాక్కుని ఆర్డర్ పెట్టేసింది. రెండు సైజులు పెద్దది.