దుబాసి పనిలోకి వచ్చిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ అనువాదం మొదటి ముప్పై పేజీలూ చదివాను. ఉత్తరం చివర "సొంతంగా రాసే శక్తి లేదు కాబట్టి అనువాదం మొదలుపెట్టానండీ" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. అలా అనుకుంటూ చేస్తే పని కూడా అలాగే ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట మా పక్కింటి పిన్నిగారిని పొరుగు రాష్ట్రంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుకి తెలుగు రాదు, ఆవిడకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. అప్పటికే రెండు పుస్తకాలు అనువదించినవాణ్ణి కదా, కాస్త గీరగానే మధ్యలో కూర్చున్నాను. "వేడి చేసింది బాబూ" అంది ఆవిడ. నేను ఠక్కున జ్వరం అని చెప్పేశాను. థర్మామీటరు పెడితే జ్వరం లేదు. చలి వస్తోందా, ఎన్నాళ్లుగా, అంటూ ప్రశ్నలు. ఆపైన రక్తపరీక్షలు. కొంచెం కొంచెం తెలుగు వచ్చిన నర్సమ్మ ఒకావిడ పక్కకి పిలిచి అడిగితే తేలింది, పిన్నిగారి బాధ మూత్రంలో మంట. మగవాడి ముందు ఆ సంగతి అంతకంటే ఎలా చెబుతుంది? "చెప్పాను కదయ్యా, నువ్వే ఇంకేదో చెప్పావు" అంది బయటికొచ్చాక. నా రెండు పుస్తకాలూ అక్కడ అక్కరకు రాలేదు.

అప్పటినుంచి, తేలిగ్గా అర్థమైపోయిన మాట దగ్గరే నాకు ఎక్కువ టెన్షన్. మనిషి ఎదురుగా ఉంటే మళ్లీ అడుగుతాను. రచయిత పోయి ఉంటే, ఆ మాట ఇంకెక్కడ వాడాడో వెతుకుతాను.

దుబాసి అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాడు. ఆ మాట మనవాళ్ల నోట్లో కొంత చెడ్డది కూడా అయింది. మద్రాసులో దొరకి ఒకటి, జనానికి ఒకటి చెప్పి డబ్బు చేసుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ ఏలూరి కావలి వెంకట బొర్రయ్య కూడా దుబాసీయే. ఆయన పనిచేసిన దొర, ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీకి మన భాషలు రావు, ఆ సంగతి మెకంజీయే ఒప్పుకున్నాడు. శాసనాలు చదివించింది, కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించింది బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల మనుషులు. బొర్రయ్య 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఈనాటికీ మనం మెకంజీ కైఫీయతులనే అంటాం.

ఇక నీ పేజీలు. 'కజిన్'ని కజిన్‌గానే వదిలేశావు. మనకి మేనమామ కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. బావ అంటే పాఠకుడి మనసు పెళ్లి మీదికి పోతుంది. అన్న అన్నావో, చివర్లో వాళ్లిద్దరికీ పెళ్లి చేస్తే పుస్తకం విసిరికొడతారు! కథంతా చదివి, చుట్టరికం ఏ వైపో తేల్చుకుని అప్పుడు రాయి. అలాగే అక్కడి 'యూ' మనకి నువ్వూ కావచ్చు, మీరూ కావచ్చు. ఆ భార్యాభర్తలు పంతొమ్మిదో పేజీలో పోట్లాడుకున్నాక కూడా ఆవిడ చేత 'మీరు' అనే అనిపించావు. కోపంలో అంటుందా? ఆ గొడవని ఒకసారి పైకి చదువుకుని చూడు.

ఆ పంతొమ్మిదో పేజీ మార్చి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు