వాము గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. కడుపులో మెలిపెడుతుంటే మీ అమ్మమ్మ వాము, ఉప్పుగల్లు కలిపి నమిలించిన సంగతి చక్కగా రాశావు. ఆ వెంటనే, వాము పేగు నొప్పి తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించేశారంటూ ఒక్క వాక్యంలో తేల్చేశావు. దేని మీద చూశారు, ఎలా చూశారు? పాఠకుడికి అదే కావాలి.

ఆ పరీక్షనే కళ్లకు కట్టు. కుందేలు చిన్నపేగులోంచి చిన్న ముక్క కోసి, టైరోడ్ అనే లవణ ద్రావణం నింపిన గాజు పాత్రలో దారంతో వేలాడదీస్తారు. ద్రావణాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఆక్సిజన్ బుడగలు పంపుతుంటారు. ఒంట్లోంచి తీసినా ఆ ముక్క తనంతట తానే ముడుచుకుంటూ సడలుతూ ఉంటుంది. ఆ కదలికంతా గీతగా నమోదవుతుంది. 1904లో జర్మనీలో రుడాల్ఫ్ మాగ్నస్ అనే శాస్త్రవేత్త చూపించిన ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. వాము గింజల సారం కొద్దికొద్దిగా కలిపేకొద్దీ గీత ఎత్తు తగ్గుతుంది. తర్వాత పాత ద్రావణం తీసేసి కడిగితే కదలిక మళ్లీ రావాలి. ఇది మాత్రం వదిలెయ్యకు. తిరిగి రాకపోతే పేగు సడలిందో, చచ్చిపోయిందో ఎవరు చెప్పగలరు?

ఎలా సడలించిందన్నది తర్వాతి ప్రశ్న. పొటాషియం ఎక్కువ వేస్తే కండర కణాల్లోకి కాల్షియం దూరి పేగు బిగుసుకుంటుంది. వాము సారం ఆ బిగువునూ వదిలించింది. కణాల్లోకి కాల్షియం వెళ్లకుండా ఆపే వెరాపమిల్ అనే మందు చేసే పనీ ఇదే కాబట్టి, వాము కూడా కాల్షియం దారికి అడ్డుపడుతోందని పరిశోధకులు భావించారు.

అయితే పాత్రలో సారం పేగును నేరుగా తాకుతుంది. మనం నమిలిన చిటికెడు వాములో ఎంత ఆ కండరం దాకా చేరుతుందో ఆ గీత చెప్పదు. అది తేలాలంటే మనుషుల మీద చూడాల్సిందే. పెప్పర్‌మింట్ నూనెను అలాగే చూశారు. పొట్టలో కరగకుండా పేగులోకి వెళ్లాక కరిగే క్యాప్సూల్‌లో పెట్టి, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాల్లో మార్పులతో వేధించే పేగు సమస్య) ఉన్నవాళ్లలో కొందరికి అది, కొందరికి మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి పోల్చారు. నీ వ్యాసంలో ఈ ఉదాహరణ పెడితే, వాము విషయంలో ఏం అడగాలో పాఠకుడికే తెలుస్తుంది. అమ్మమ్మ మాట తీసెయ్యక్కర్లేదు, అలాగే ఉంచు.

ఇంకొకటి. పొట్టలో కుడివైపు కింద నొప్పి, జ్వరం, ఆగని వాంతులు ఉంటే వాము నీళ్లు తాగిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని తప్పకుండా రాయి. అర్ధరాత్రి పిల్లాడు ఏడుస్తుంటే ఫోన్‌లో వెతికి నీ వ్యాసం చదివే తల్లులుంటారు. ఆ ముక్క చివర్లో కాదు, పైనే పెట్టు.

తిరగరాసి పంపు, చూస్తాను.

మీ అన్నయ్య