టెంపుల్ స్క్వేర్‌కు వెళ్తున్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నీకు మన లేటర్-డే సెయింట్స్ చర్చి నుంచి మిషన్ కాల్, అంటే మిషనరీగా పనిచేయమనే పిలుపు వచ్చిందని, అదీ అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ ఆలయం చుట్టూ ఉన్న టెంపుల్ స్క్వేర్‌కేనని మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా మాట్లాడింది. నువ్వూ అక్కడే చేసొచ్చావు కదా, పిల్లకి ఏం కావాలో రాసి పంపు అక్కా అంది. సామాన్ల జాబితా చర్చివాళ్ళు ఎలాగూ ఇస్తారు. అందులో ఉండనివి నేను రాస్తాను.

పరాయి దేశంలో ముక్కూమొహం తెలియనివాళ్ళతో దేవుడి మాటలు ఎలా మాట్లాడతావో అని ఇక్కడ అందరూ నిన్ను బెంబేలెత్తిస్తుంటారు. ఆ బెరుకు నాలుగు రోజుల్లో పోతుంది. 18 నెలలూ నిన్ను నిలబెట్టేదీ, నీకు చుక్కలు చూపించేదీ నీ పక్క మంచం మీద పడుకునే కంపానియన్, అంటే నీకు జతగా వేసే మిషనరీ అమ్మాయి. స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప ఒకరి కంటికొకరు ఆనుతూ, ఒకరి మాట ఒకరికి వినబడుతూ ఉండాలి. కొట్టుకి వెళ్ళినా ఇద్దరే, డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇద్దరే. పెళ్ళయినవాళ్ళు కూడా అంతసేపు కలిసి ఉండరు. పైగా ఆ అమ్మాయిని నువ్వు ఎంచుకోవు, నిన్ను ఆమె ఎంచుకోదు. ఆరువారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది. ఆమె ఉంటుందా, ఇంకొకరు వస్తారా అనేది అప్పుడు తేలుతుంది.

టెంపుల్ స్క్వేర్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ ఆడపిల్లల్ని పంపుతారు. నల్లటి నేమ్‌ట్యాగ్ పక్కన ఎవరి దేశం జెండా వాళ్ళు పెట్టుకుంటారు. కాబట్టి నీ కంపానియన్ టోంగా పిల్ల కావచ్చు, బ్రెజిల్ పిల్ల కావచ్చు, పక్కనున్న ఐడహోలో బంగాళాదుంపల పొలంలో పెరిగిన పిల్ల కావచ్చు. ఐడహో పిల్లయితే మాత్రం హీటరు దగ్గర పేచీ ఖాయం. వాళ్ళకి మంచులో కూడా ఉక్కపోస్తుంది, కిటికీ తీసి పడుకుంటారు. మనం రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటాం.

వంటింటి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడి ఇళ్ళకి చెక్క గోడలు, కిటికీలు బిగించి ఉంటాయి, పైన పొగ పసిగట్టే అలారం. నూనె కాగాక ఎండుమిరపకాయలు, ఆవాలు వేశావనుకో, చిటపటలు ఆగేలోపే అది చెవులు చిల్లులుపడేలా అరుస్తుంది. పైవాటా వాళ్ళు మెట్ల మీదకి వచ్చి నిలబడతారు. నీ కంపానియన్ దగ్గుతూ తువ్వాలు పట్టుకుని అలారం కింద విసురుతుంది. అందుకని ముందు పొయ్యి మీది ఫ్యాను వెయ్యి, కిటికీ తెరువు, మిరపకాయ చివర్లో స్టవ్ కట్టేశాక వెయ్యి. పోపు ఘాటు కోట్లకి పట్టిందంటే డ్రైక్లీనింగు దాకా వదలదు, పడగ్గది తలుపు మూసేసి వంట మొదలుపెట్టు. మొదటి వారంలోనే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అన్నం, పప్పు, నెయ్యి పెట్టు. తిన్న ఇంటి వాసన మీద ఎవరూ అంతగా విసుక్కోరు.

వారానికోసారి ఇద్దరూ కూర్చుని, ఈ వారం నేను చేసిన ఏ పని నిన్ను ఇబ్బంది పెట్టింది అని ఒకరినొకరు అడగాలి. కంపానియన్‌షిప్ ఇన్వెంటరీ అంటారు దాన్ని. మన ఆడపిల్లలకి ఇది కొరుకుడు పడదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని చిన్నప్పటి నుంచీ మనింట్లో నూరిపోశాం కదా, ఆ నీతి ఆ గదిలో పనికిరాదు. మూడు వారాలు నవ్వుతూ మింగి, నాలుగోవారం సింకులో గిన్నె చూసి ఏడవడం కన్నా, మొదటి వారమే ‘నువ్వు పొద్దున్న లేచే అలారం మూడుసార్లు మోగనిస్తే నాకు తలనొప్పి వస్తోంది’ అని చెప్పేయడం మేలు. ఆమె కూడా నీ గురించి ఏదో చెబుతుంది. అది వినేటప్పుడు మీ అమ్మలాగా వెంటనే జవాబు తయారుచేసుకోకు.

ఇక ఫోన్లు. మా రోజుల్లో ఇంటికి ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం మాట్లాడనిస్తున్నారు, వీడియో కాల్ కూడా. మంచిదే, కానీ నాకు కొంచెం గుబులు. మీ అమ్మ సంగతి నాకు తెలుసు. తమ్ముడి మార్కులు, అద్దె, అత్తగారి మోకాళ్ళు, అన్నీ నీ చెవిలో పోస్తుంది. నువ్వు అక్కడ నుంచి ఏమీ చేయలేవు, రెండు రోజులు మనసు పాడవుతుంది. అందుకని ప్రిపరేషన్ డే నాడు, అంటే వారంలో సొంత పనులకిచ్చే రోజున, బట్టలుతకడం, సరుకులు తెచ్చుకోవడం అయ్యాక ఒక వేళ పెట్టుకుని మాట్లాడు. అక్కడ చలికాలం పొద్దున్న తొమ్మిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర, వేసవిలో ఎనిమిదిన్నర. మాట్లాడేటప్పుడు కంపానియన్‌ని కూడా తెరమీదకి పిలిచి అమ్మకి చూపించు. ఆ తర్వాత మీ అమ్మే ఆ పిల్ల తిందా, పడుకుందా అని అడగడం మొదలుపెడుతుంది. సగం బెంగ అక్కడే తీరుతుంది.

సర్దుకోవడం గురించి గబగబా చెప్తాను. ఇక్కడి మిక్సీ, రైస్ కుక్కరు మోసుకెళ్ళకు, అక్కడి కరెంటు 120 వోల్టులు. పొయ్యి మీది చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకెళ్ళు. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి వద్దు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గాలి మరీ పొడి. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కూడా కారొచ్చు. కొబ్బరినూనె సీసా పెట్టుకో. జనవరిలో కొండల మధ్య పొగమంచు, పొగ కలిసి కూర్చుంటాయి, ఆ రోజుల్లో గొంతు మండుతుంది. మేము లంగాల కింద మందపాటి మేజోళ్ళేసుకుని గజగజలాడాం. 2018 డిసెంబరు నుంచి సిస్టర్లకి, అంటే ఆడ మిషనరీలకి, ప్యాంట్లు వేసుకోనిచ్చారు, రెండు జతలు తప్పకుండా కుట్టించుకో. బూట్లు మాత్రం ఇక్కడ కొనకు, ఐసు మీద జారని అట్టలు అక్కడే దొరుకుతాయి.

స్క్వేర్‌లో పనంటే ఎక్కువగా వచ్చినవాళ్ళని తిప్పి చూపించడం, మిగతా వేళల్లో ఫోన్లో, చాట్‌లో ప్రశ్నలకి జవాబులివ్వడం. ఆలయం కట్టడం 1853లో మొదలై 1893లో అయింది. మధ్యలో 1858లో అమెరికా సైన్యం వస్తోందని పునాదిని మట్టితో కప్పేసి పొలంలా చేశారు. తర్వాత తవ్వి చూస్తే రాళ్ళు పగిలి ఉన్నాయి, మళ్ళీ వేశారు. ఈ కథని బట్టీపట్టినట్టు చెప్పకు. ఎదురుగా ఉన్నది మేస్త్రీపని తెలిసిన పెద్దాయనైతే పునాది గురించి చెప్పు, పిల్లలైతే 2020 మార్చిలో భూకంపం వచ్చి పైనున్న బంగారు దేవదూత చేతిలోంచి బాకా ఊడిపడిన సంగతి చెప్పు. ఆలయాన్ని 2019 చివర్లో భూకంపాలకు తట్టుకునేలా బాగుచేయడానికి మూశారు, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అందరికీ లోపల చూపిస్తామని ప్రకటించారు. నువ్వు ఆ రోజుల్లో అక్కడుంటే కాళ్ళకి తీరికుండదు, మంచి ఇన్‌సోల్స్ కొనుక్కో. వచ్చినవాళ్ళు ‘మోర్మన్లు’ అంటే వెంటనే సరిదిద్దకు. 2018లో అప్పటి చర్చి అధ్యక్షుడు నెల్సన్ ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్’ అని పూర్తి పేరే వాడమన్నారు, నిజమే. నువ్వు నీ మాటల్లో పూర్తి పేరు వాడుతూ పో, వాళ్ళే పట్టుకుంటారు.

హైదరాబాదులో మీ చర్చి ఎక్కడిదమ్మా అని అడుగుతారు చూడు, దానికి మాత్రం సరైన జవాబు దగ్గర పెట్టుకో. సమోవాలో ఉద్యోగం చేస్తూ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి ముందు తమ వాళ్ళకే చెప్పారు. ఎల్సీ గారి నాన్నగారు బాప్టిస్టు పాస్టరు, మన చర్చి పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆయన చేతికే వచ్చింది. 2012లో మన దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన పెద్ద విభాగం, హైదరాబాదులోనే పెట్టారు. తెల్లవాళ్ళు వచ్చి చెబితే వచ్చిన చర్చి అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు.

వేసవిలో ఎల్లోస్టోన్ చూడటానికి వెళ్ళే తెలుగువాళ్ళు బోలెడంతమంది సాల్ట్ లేక్ మీదుగానే వెళ్తారు. నీ ట్యాగ్ మీద మన జెండా చూసి ఆగిపోతారు. ‘తెలుగేనా? ఏ ఊరమ్మా? ఇక్కడేం చేస్తున్నావు? జీతమెంత?’ వరసగా వస్తాయి. జీతం లేదని, సొంత ఖర్చు మీద వచ్చానని చెబితే మీ ఇంట్లో ఒప్పుకున్నారా అంటారు. ఓపిగ్గా చెప్పు, నేను మిషనరీనని ముందే చెప్పు, దాచిపెట్టి కబుర్లలోకి దించకు. మతం మార్చేస్తారేమోనని ఒకావిడ మొహం బిగించుకుంటుంది, ఆమె తప్పేం లేదు. మంచినీళ్ళెక్కడున్నాయో, బాత్రూములెక్కడో, పిల్లలు ఎక్కడ ఆడుకోవచ్చో చూపించు. టాబర్నాకిల్ అనే పెద్ద సభామందిరంలో ముందు నుంచి గుండుసూది పడేస్తే వెనక బెంచీకి వినబడుతుంది, అది చూపిస్తే పిల్లలు వదలరు. తర్వాత వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పు, అడక్కపోతే ఆవకాయ అన్నం గురించి మాట్లాడుకోండి. మన చర్చిలో టీ తాగం కదా, ఫ్లాస్కు తీసి టీ పోస్తే వద్దండీ అని చెప్పడానికి తటపటాయించకు, బిస్కెట్లు మాత్రం తీసుకో. కంపానియన్‌కి ఒక్క ముక్కా అర్థం కాక నిలబడి ఉంటుంది, మధ్యమధ్యలో ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మర్చిపోకు.

ఒంట్లో బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా మిషన్ ప్రెసిడెంటు భార్యతో చెప్పు. పొద్దున్న లేవబుద్ధి కావడం లేదు, తినబుద్ధి కావడం లేదు అనేది బద్ధకం కాదు. ప్రార్థన చేసుకో, డాక్టరునీ చూడు. కంపానియన్ అలా ఉన్నా నువ్వే చెప్పు, అది చాడీ కాదు. మధ్యలో తిరిగొచ్చేసిన పిల్లల్ని మన వార్డులో, అంటే మన స్థానిక సంఘంలో, కొందరు చూసే చూపు నాకు బొత్తిగా నచ్చదు. నువ్వు రావలసివస్తే శంషాబాదులో నేనే వచ్చి దింపుకుంటాను, ఎవరి మొహం చూడనక్కర్లేదు.

చివరాఖరికి ఇంకొకటి. పెళ్ళి మాటలు నువ్వు విమానం ఎక్కకముందే మొదలయ్యాయి, నాకు తెలుసు. వచ్చిన నెలలోపే చూపులు పెట్టేస్తామని మీ నాన్న ఎవరికో మాటిచ్చాడట. స్టేక్ ప్రెసిడెంటు నిన్ను రిలీజ్ చేసి ట్యాగ్ తీయించాక కనీసం ఆరు నెలలు నీకు ఇల్లు కొత్తగా ఉంటుంది, గదిలో ఒక్కదానివే పడుకోవడం కూడా కొత్తగానే ఉంటుంది. అప్పటిదాకా ఎవర్నీ చూపించనివ్వను. ఆ సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సెట్లు తీయించు.

మీ పెద్దమ్మ