122 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడ పోనీకి (పొట్టి జాతి గుర్రానికి) 150 సెంటీమీటర్ల మగగుర్రం సరిపోతుందా? పోనీ వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్నాయి, పిల్ల పెద్దదై ఈనడం కష్టమవుతుందేమోనని భయం.

పుట్టేటప్పుడు పిల్ల సైజును ఎక్కువగా నిర్ణయించేది తల్లి గర్భసంచే. భారీ షైర్, పొట్టి షెట్లాండ్ గుర్రపు జాతులను కలిపి వాల్టన్, హామండ్ అనే పరిశోధకులు 1938లో చూపించింది ఇదే. కాబట్టి ఈనడం గురించి మీకున్నంత భయం అక్కర్లేదు. అయినా ఈ జతకు నేను వద్దనే అంటాను. తల ఒకరిది, కాళ్లు ఒకరివి వచ్చి పిల్ల పొంతన లేకుండా పెరగొచ్చు. తొలిచూలుకు 10 సెంటీమీటర్ల లోపు తేడా చాలు.

మీ గుర్రం వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్నాయన్నారు కదా, విరుగుడుగా బాగా వంగిన కాళ్లున్నదాన్ని వెతక్కండి. రెండు లోపాలు కలిస్తే సగటు వస్తుందన్న నమ్మకం లేదు, ఏదో ఒక లోపమే దిగొచ్చు. ఆ కాళ్లు సరిగ్గా ఉన్న మగగుర్రాన్నే ఎంచుకోండి. దాని పిల్లలను, వేరువేరు తల్లులకు పుట్టినవాటిని, నడిపించి చూడండి. ఫొటోలు నమ్మొద్దు.

మచ్చల గుర్రమైతే జుట్టు కుదుళ్లతో ఫ్రేమ్ ఓవరో (ఒక రకం తెల్లమచ్చలు తెచ్చే జన్యువు) పరీక్ష తప్పనిసరి. తల్లికీ తండ్రికీ ఆ జన్యువు ఉంటే, నాలుగింట ఒక వంతు అవకాశంతో తెల్లపిల్ల పుట్టి, పేగు కదలక కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

దాటించాక, అండం విడుదలైన 14–16 రోజులకు స్కాన్ చేయించండి. కవలలుంటే డాక్టరు ఒకదాన్ని తొలగించడానికి అనువైన సమయం అదే.